ఇల్యూజన్ స్పెల్స్‌లో ఏది ఎంచుకోవాలి? వశిష్ఠ రేవులో ఒక పోలిక

పోయిన సంక్రాంతి సెలవులకి అమలాపురం వచ్చిన మా మేనకోడలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల కథల ఆటకి మొదటిసారి విజార్డ్ (మాంత్రికురాలి) పాత్ర రాసుకుంది. అరుగు మీద చాప, చాప మీద పాచికలు, ఒళ్ళో క్యారెక్టర్ షీటు. స్పెల్స్ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. "మావయ్యా, ఈ ఇల్యూజన్లన్నీ ఒకేలా ఉన్నాయి. లేనిది ఉన్నట్టు చూపించడమేగా! ఏది తీసుకోమంటావ్?"

చదివితే ఒకేలా అనిపిస్తాయి గానీ ఆటలో దిగాక ఒకదానికొకటి పోలికే ఉండదు. తప్పుది తీసుకుంటే నాలుగు వారాలు ఆడినా ఒక్క మాయా పండదు, ఇల్యూజన్ అంటేనే విసుగొస్తుంది. డీఎంగా (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపేవాడిగా) కూర్చుని ఆ విసుగు నేను దగ్గర్నుంచి చూశాను. అందుకే ఆ రోజు పావుగంటలో తేల్చేసిన జవాబుని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. లెక్కలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌వి, 2014 పుస్తకం ప్రకారం. 2024 పుస్తకంలో మారినవి వచ్చినచోట చెప్తాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీ మాయ ఎక్కడ ఉంటుంది? గాలిలోనా, ఎదుటివాడి తలలోనా? తోలుబొమ్మలాటలో తెర మీద పడే బొమ్మని ఊరంతా చూస్తుంది. సైలెంట్ ఇమేజ్ లాంటివి ఆ జాతి. పీడకల అలా కాదు, కన్నవాడికే కనబడుతుంది, పక్క మంచం మీదవాడికి ఏమీ తెలియదు. ఫాంటాస్మల్ ఫోర్స్ ఈ జాతి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఈ రెండిటికీ ఫిగ్మెంట్, ఫాంటాజమ్ అని వేరు వేరు పేర్లు పెట్టింది. ఐదో ఎడిషన్ ఆ పేర్లు తీసేసింది, తేడా మాత్రం అలాగే ఉంది.

ఇంకో పొరపాటు కూడా తరచూ చూస్తుంటాను. మారీచుడు బంగారు లేడిగా మారాడు కదా, అదీ ఇల్యూజనే కదా అంటారు. అక్కడ ఒళ్ళే మారింది. రాముడి బాణం ఆ ఒంట్లోనే దిగింది. ఆట భాషలో అది ట్రాన్స్‌మ్యుటేషన్. ఇల్యూజన్ లేడికి బాణం వేస్తే అటువైపు నుంచి బయటికి పోతుంది, అంతటితో గుట్టు రట్టు. మయసభ సరైన పోలిక. మడుగనుకుని పంచె పైకెత్తిన దుర్యోధనుడు, నేలనుకుని నీళ్ళలో పడ్డ దుర్యోధనుడు. కాలు పెట్టేదాకా కన్ను చెప్పిందే నిజం.

పోల్చడానికి ఒకే సన్నివేశం పెట్టుకుందాం. పుష్యమాసం, తెల్లవారుజాము. వశిష్ఠ గోదావరి రేవులో పంటు (ఏరు దాటించే పడవ) కట్టేసి ఉంది. ఏటిగట్టు మీద ఇద్దరు కాపలావాళ్ళు, ఒక లాంతరు, ఒక వేటకుక్క. కాస్త దూరంలో గడ్డిమేటు, దింపు (కాయల కోత) అయ్యాక పోసిన కొబ్బరికాయల రాశి. మనవాళ్ళు నలుగురు. కత్తి దుయ్యకుండా పంటు ఎక్కి ఎదురుగా ఉన్న లంకకి చేరాలి.

మైనర్ ఇల్యూజన్

ఇది క్యాంట్రిప్, ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. 30 అడుగుల దూరంలోపు ఒక వస్తువు బొమ్మ గానీ ఒక శబ్దం గానీ వస్తుంది, 1 నిమిషం ఉంటుంది. బొమ్మ 5 అడుగుల ఘనంలో ఇమడాలి. కదలదు. వాసన, వెలుగు ఉండవు. వస్తువులే తప్ప ప్రాణులు కుదరవు. ఇన్ని లేవు కదా అని చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు, నాకు బాధగా ఉంటుంది. దీనికున్న రెండు గుణాలు సైలెంట్ ఇమేజ్, మేజర్ ఇమేజ్ లాంటి పెద్ద బొమ్మల స్పెల్స్‌కి లేవు. కాన్సన్‌ట్రేషన్ (స్పెల్ నిలబడాలంటే మనసు దాని మీదే ఉంచడం) అక్కర్లేదు. మంత్రం పైకి చదవక్కర్లేదు, చేతి సైగా చిన్న ఉన్ని ముక్కా చాలు. నిశ్శబ్దంగా ఉన్న రేవులో ఈ రెండోది ఎంత విలువైనదో ఊహించుకోండి.

రేవులో దీనితో ఏం చేస్తాం? బొమ్మ వాడితే, నిజం రాశి పక్కనే ఇంకో కొబ్బరికాయల రాశి పుట్టించి దాని వెనక ఒకరు నక్కొచ్చు. నా ఓటు మాత్రం శబ్దానికే. గుసగుస నుంచి కేక దాకా ఏదైనా వస్తుంది. గట్టుకి అవతల తోటలో ఎవరో కొబ్బరికాయలు నీళ్ళలోకి విసురుతున్నట్టు దబ్బు దబ్బుమని రెండు చప్పుళ్ళు. దొంగ దింపేమో చూసి రమ్మని ఒకణ్ణి పంపిస్తారు. శబ్దాన్ని తాకి చూసేవాడెవడూ ఉండడు.

సైలెంట్ ఇమేజ్

మొదటి లెవల్ స్పెల్. 60 అడుగుల దూరం, 15 అడుగుల ఘనం, కాన్సన్‌ట్రేషన్ పెడితే 10 నిమిషాలు. వస్తువు, ప్రాణి, కంటికి కనబడే ఇంకేదైనా సరే. మన కొలతల్లో చెప్పాలంటే 25 చదరపు గజాల జాగా. బొమ్మని కదిలించాలంటే ప్రతిసారీ మీ యాక్షన్ (మీ వంతులో చేయగల ఒక ముఖ్యమైన పని) ఖర్చవుతుంది. పేరులో ఉన్నట్టే చప్పుడు లేదు. తెర మీద బొమ్మలు ఆడుతుంటే వెనక పాడేవాళ్ళు రాని తోలుబొమ్మలాట అనుకోండి.

మా మేనకోడలు దీన్నే తీసుకుంది. మొదటి మూడు ఆటల్లో తగరపు ఏనుగు, మంటల గోడ, రాక్షసుడు చూపించింది. ఒక్కటీ పారలేదు. కొంత తప్పు నాదే. బొమ్మ కనబడగానే కాపలావాళ్ళందరి చేతా ఊరికే ఒక చెక్ (పాచికతో పరీక్ష) వేయించేవాణ్ణి. రూలు అలా లేదు. బొమ్మని తాకితే బయటపడుతుంది. లేదా ఒకడు తన యాక్షన్ ఖర్చుపెట్టి పరిశీలించి, మీ స్పెల్ సేవ్ డీసీకి (మీ మాయని ఛేదించడానికి పాచికతో అందుకోవాల్సిన అంకెకి) ఇన్వెస్టిగేషన్ చెక్ నెగ్గాలి. 2024 పుస్తకం ఆ యాక్షన్‌కి స్టడీ అని పేరు పెట్టింది. చూసినంత మాత్రాన ఎవరికీ చెక్ రాదు.

ఆ తేడా ఎంతో లెక్క వేద్దాం. ఇంటెలిజెన్స్ 16 ఉన్న మొదటి లెవల్ విజార్డ్ డీసీ 13. మామూలు కాపలావాడికి ఇంటెలిజెన్స్ 10, అంటే కలిసేది సున్నా. ఇరవై ముఖాల పాచిక మీద 13 గానీ ఆపైన గానీ పడాలి, 40 శాతం. ఇద్దరూ పరిశీలిస్తే కనీసం ఒకడికి తెలిసిపోయే అవకాశం 64 శాతం. నేను ఊరికే చెక్‌లు వేయించినప్పుడు నలుగురున్న చోట ఏ మాయ నిలబడుతుంది? రూలు ప్రకారమైతే పరిశీలించాలన్న ఆలోచన వాడికి రావాలి, ఆ వంతు, అంటే ఆరు సెకన్లు, వాడు ఇంకే పనీ చేయకూడదు.

అంటే ఆలోచనే రానివ్వకపోవడంలో ఉంది ఈ స్పెల్ బలమంతా. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు కోసం చలికాలం పొద్దున్నే నిలబడ్డవాళ్ళకి తెలుసు, పొగమంచులో అవతలి ఒడ్డు కనబడదు. మంచు ముద్ద ఒకటి గట్టు దిగి నీళ్ళ మీదకి జారుతుంటే ఎవడూ తల తిప్పడు. నాలుగో ఆటలో మా మేనకోడలు చూపించింది అదే. 15 అడుగుల చదరంలో 5 అడుగుల గళ్ళు తొమ్మిది పడతాయి, నలుగురు అందులో హాయిగా నడవొచ్చు. తను యాక్షన్ పెట్టి మంచుని ముందుకి తోస్తుంటే మిగతా ముగ్గురూ దాని లోపల నడిచారు. కుక్క వాసన పట్టి మొరిగింది. "మంచుని చూసి మొరుగుతోందిరా" అన్నాను కాపలావాడిగా మాట్లాడుతున్న నేను, మనస్ఫూర్తిగా.

రెండు జాగ్రత్తలు. దీనికి మంత్రం పైకి చదవాలి కాబట్టి వాళ్ళకి వినబడని దూరంలోనే మొదలుపెట్టండి. బరువు మోయాల్సినది ఎప్పుడూ చూపించకండి. కాలువ మీద లేని వంతెన చూపించి తరుముకొచ్చేవాళ్ళని ముంచుదామని మావాళ్ళు ఒకసారి చేశారు. మొదటివాడు మునిగాడు. వెనక ఉన్న ఐదుగురికీ ఆ క్షణమే తెలిసిపోయింది.

డిస్‌గైజ్ సెల్ఫ్

ఇదీ మొదటి లెవలే. 1 గంట ఉంటుంది, కాన్సన్‌ట్రేషన్ వద్దు. బట్టలతో సహా మీ రూపం మారినట్టు కనబడుతుంది, పొడవు 1 అడుగు అటూ ఇటూ. చేతులూ కాళ్ళ అమరిక మారదు. తలపాగా చూపించి దాని మీద ఎవరైనా చెయ్యి పెడితే చెయ్యి జుట్టుకే తగులుతుంది.

ఊళ్ళో, సంతలో, జమీందారు కచేరీలో జరిగే కథలకి సైలెంట్ ఇమేజ్ కంటే ఇదే మేలు. గంటసేపు దాని సంగతే మర్చిపోయి వేరే స్పెల్స్ వేసుకోవచ్చు. కానీ గొంతు మారదు, యాస మారదు. రూల్స్‌లో ఎక్కడా గొంతు ప్రస్తావన లేదు, అంటే మారనట్టే. రేవులో పంటు సరంగులా తయారై కాపలావాడి ముందుకి వెళ్ళారనుకోండి. "ఏంటండీ ఇయ్యాల ఇంత పెందలాడే?" అంటాడు. ఇక్కడివాడైతే "ఆయ్, పనుందండి" అనాలి. బయటివాడు ఆ "ఆయ్" అనే తీరులోనే దొరికిపోతాడు. అప్పుడు డిసెప్షన్ (బుకాయింపు) చెక్ కష్టం చేయడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. పైగా ఇది ఒక్కరికే. మిగతా ముగ్గుర్నీ ఏం చేస్తారు? రేవు పనికి ఇది చాలదు.

ఫాంటాస్మల్ ఫోర్స్

రెండో లెవల్ స్పెల్, విజార్డ్‌కి మూడో లెవల్లో అందుతుంది (స్పెల్ లెవల్ వేరు, పాత్ర లెవల్ వేరు). ఒక్క శత్రువు ఇంటెలిజెన్స్ సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి వేసే పాచిక) వేస్తాడు. ఓడితే వాడి తలలో, వాడికి మాత్రమే, 10 అడుగుల ఘనంలో ఇమిడే ఏదైనా ఉన్నట్టు ఉంటుంది. 1 నిమిషం, కాన్సన్‌ట్రేషన్‌తో. చూపు, చప్పుడు, స్పర్శ అన్నీ నిజంలాగే. ఆ ఊహ ప్రమాదకరమైనదైతే వాడికి మీ ప్రతి టర్నులోనూ ఒక ఆరుముఖాల పాచిక దెబ్బ తగలొచ్చు. 2024లో దాన్ని రెండు ఎనిమిదిముఖాల పాచికలకి పెంచారు.

దీని అందం వేరే చోట ఉంది. పొంతన లేనిది ఎదురైతే వాడి బుర్రే సర్దిచెప్పుకుంటుంది. సైలెంట్ ఇమేజ్ వంతెన ఒక్క అడుగుతో పోయింది కదా. అదే వంతెన ఫాంటాస్మల్ ఫోర్స్‌తో చూపిస్తే వాడు నీళ్ళలో పడి కూడా "కాలు జారింది, ఎవరో తోశారు" అనుకుంటాడు గానీ వంతెన లేదనుకోడు. పైకొచ్చి మళ్ళీ ఎక్కబోతాడు. యాక్షన్ పెట్టి ఇన్వెస్టిగేషన్ చెక్ నెగ్గితేనే బయటపడతాడు.

బుద్ధిబలం తక్కువైనవాళ్ళ మీద ఇది ఘోరంగా పనిచేస్తుంది. ఓగర్ అనే మొద్దు రాక్షసుడికి ఇంటెలిజెన్స్ 5, అంటే మైనస్ 3. డీసీ 13 దాటాలంటే పాచిక మీద 16 పడాలి, 25 శాతమే. తెలివైన మాంత్రికుడి మీద స్లాటు (స్పెల్ వేయడానికి లెక్కగా ఉండే అవకాశం) వృథా. 2014 పుస్తకం ప్రకారం శవాలు లేచి వచ్చిన జాతి మీదా, మంత్రంతో కదిలే బొమ్మల్లాంటి కన్‌స్ట్రక్ట్‌ల మీదా అసలు పనిచేయదు. మన రేవులోనూ ఇది కుదరదు. ఒకడికి గట్టెక్కుతున్న మొసలి కనబడి అరుస్తాడు, రెండోవాడికి ఏమీ కనబడదు, ఊరు లేస్తుంది. ఒంటరిగా ఉన్న పెద్ద శత్రువు కోసం దాచుకోవాల్సిన స్పెల్ ఇది.

ఒకటి ఒప్పుకోవాలి. మాయల గురించి డీఎంకీ ఆటగాళ్ళకీ రోజూ వాదన జరిగే బల్ల దగ్గర నేను ముందు దీన్నే తీసుకోమంటాను. సేవింగ్ త్రో ఉంది, దెబ్బ లెక్క ఉంది. వాదనకి చోటు తక్కువ.

ఇన్‌విజిబిలిటీ, మేజర్ ఇమేజ్

ఇన్‌విజిబిలిటీ కూడా ఇల్యూజన్ కిందికే వస్తుంది. కాన్సన్‌ట్రేషన్‌తో 1 గంట, దాడి చేసినా స్పెల్ వేసినా పోతుంది. రెండో లెవల్ స్లాటుకి ఒక్కరే మాయమవుతారు, ఆపైన స్లాటు లెవల్ ఒకటి పెరిగిన కొద్దీ ఇంకొకరు. నలుగురూ దాటాలంటే ఐదో లెవల్ స్లాటు కావాలి. పొగమంచుతో మొదటి లెవల్లోనే అయిపోయిన పనికి అది చాలా ఖరీదు. పోనీ అంత ఖర్చుపెట్టినా కుక్క ముక్కుకి మీరు ఎక్కడికీ పోలేదు.

మేజర్ ఇమేజ్ మూడో లెవల్ స్పెల్. 120 అడుగుల దూరం, 20 అడుగుల ఘనం, అంటే సెంటు నేలకి కాస్త తక్కువ. చప్పుడు, వాసన, వేడి చలి అన్నీ వస్తాయి, దెబ్బ తగిలేంత మాత్రం కాదు. కనుమ నాడు జగ్గన్నతోటకి వెళ్ళే ప్రభల్ని గుర్తు తెచ్చుకోండి. డప్పులు, "హరహర" కేకలు, బాణసంచా పొగ లేకుండా ప్రభ బొమ్మ ఒక్కటీ కాలువలోంచి వస్తుంటే చూసేవాడికి ఒళ్ళు గగుర్పొడుస్తుంది గానీ నమ్మకం కలగదు. సైలెంట్ ఇమేజ్ ఓడేది అక్కడే, మేజర్ ఇమేజ్ గెలిచేదీ అక్కడే. ఐదో లెవల్‌కి వచ్చిన విజార్డ్‌కి మొదటి మూడో లెవల్ స్పెల్‌గా ఫైర్‌బాల్ వదిలి దీన్ని తీసుకోమని చెప్పేవాళ్ళు తక్కువ. నేను చెప్తాను, కథలో మాటలూ ఎత్తులూ ఎక్కువ ఉంటే.

పోరాటం మధ్యలో ప్రాణం కాపాడుకోవడానికైతే మిర్రర్ ఇమేజ్ చాలు. మూడు నకళ్ళు, 1 నిమిషం, కాన్సన్‌ట్రేషన్ లేదు. 2014 రూల్స్‌లో మూడూ ఉన్నంతసేపు దెబ్బ నకలు మీదకి పోయే అవకాశం 75 శాతం, రెండుంటే 65, ఒకటుంటే 50. ఒళ్ళు మసకగా కనబడేలా చేసే బ్లర్ దీనికి సాటి రాదు, కాన్సన్‌ట్రేషన్ తినేస్తుంది.

నాలుగో లెవల్ హాల్యూసినేటరీ టెరైన్ గురించి మన వైపువాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. వేయడానికి 10 నిమిషాలు, ఉండేది 24 గంటలు, 150 అడుగుల ఘనం. సుమారు 52 సెంట్లు. వరదకొకసారి లంకల అంచులు మారిపోయే చోట పుట్టిన కథకి ఇంతకంటే ఏం కావాలి? చిన్న లంక మొత్తం నీళ్ళలా కనబడుతుంది. నిన్న ఉన్న ఇసుక మేట ఇవాళ లేకపోతే ఇక్కడ ఎవడికీ ఆశ్చర్యం కాదు. కాలికి తగిలేది మాత్రం నేలే, కాబట్టి పడవ దూరంగా పోయేలా చూసుకోవాలి.

వేరే రూల్స్‌తో ఆడేవాళ్ళకి

పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట రెండో ఎడిషన్ ఆడేవాళ్ళకి మొదటి ర్యాంకులోనే (స్పెల్ లెవల్‌ని అక్కడ ర్యాంకు అంటారు) ఇల్యూజరీ ఆబ్జెక్ట్ ఉంది. 500 అడుగుల దూరం నుంచి వేయొచ్చు, 10 నిమిషాలు నిలుస్తుంది. రెండో ర్యాంకులో వేస్తే చప్పుడూ వాసనా స్పర్శా కూడా వస్తాయి, 1 గంట నిలుస్తుంది. సైలెంట్ ఇమేజ్‌తో పోలిస్తే ఇది చాలా ఉదారం, కానీ బొమ్మ కదలదు. కదిలే ప్రాణి కావాలంటే రెండో ర్యాంకు ఇల్యూజరీ క్రీచర్, దెబ్బ తగిలితే మాయమైపోతుంది. తాకినా, సీక్ యాక్షన్‌తో పరిశీలించినా అపనమ్మకం చెక్ ఎప్పుడు వేయాలో ఆ రూల్స్ బాగా స్పష్టంగా చెప్తాయి. డీఎం కొత్తవాడై మాయల మీద ఆసక్తి ఎక్కువుంటే ఆ ఆటే తేలిక. మేం ఐదో ఎడిషన్‌లో ఉండిపోవడానికి కారణం దాని సన్నపాటి రూల్స్. పొగమంచు లాంటి ఆలోచనకి నేను అక్కడికక్కడే సరే అనగలను.

ఇల్యూజనిస్ట్ విజార్డ్ అవుదామనుకునేవాళ్ళకి ఒక మాట. 2014లో రెండో లెవల్లో, 2024లో మూడో లెవల్లో ఆ శాఖలో చేరితే మైనర్ ఇల్యూజన్‌లో బొమ్మా శబ్దమూ ఒకేసారి వస్తాయి. 2014లో ఆరో లెవల్‌కి నిలబడి ఉన్న మాయ స్వభావాన్ని మధ్యలో మార్చొచ్చు. పద్నాలుగో లెవల్లో ఆ మాయలోని ఒక వస్తువుని 1 నిమిషం నిజం చేయొచ్చు. అప్పటికి ఆ వంతెన మీద నిజంగానే నడుస్తారు.

ఎంచుకునే ముందు డీఎంతో మాట్లాడండి

స్పెల్ షీటు మీద రాయకముందే అడగాల్సినవి ఉన్నాయి. చూడగానే చెక్ వేయిస్తారా, యాక్షన్ పెడితేనా? ముందే చెప్పి ఉంచితే మావాళ్ళు బొమ్మలోంచి అవతలికి చూడగలరా? ఒకడికి గుట్టు తెలిసి అరిచి చెప్తే మిగతావాళ్ళకీ తెలిసినట్టేనా? సైలెంట్ ఇమేజ్ లాంతరు చీకట్లో వెలుగునిస్తుందా? రూలు చదివినా ఈ ప్రశ్నల్లో కొన్నిటికి రెండు జవాబులు వస్తాయి. మొదటి ప్రశ్నకి "చూడగానే" అనే జవాబొస్తే సైలెంట్ ఇమేజ్ వదిలేసి డిస్‌గైజ్ సెల్ఫ్ తీసుకోండి.

అలాంటి ఇబ్బంది లేకపోతే నా లెక్క ఇది. క్యాంట్రిప్‌లలో మైనర్ ఇల్యూజన్ తప్పనిసరి. మొదటి లెవల్ స్పెల్స్‌లో, గట్లూ తోటలూ పడవలూ ఉన్న కథకి సైలెంట్ ఇమేజ్, ఊరి మధ్య కథకి డిస్‌గైజ్ సెల్ఫ్. రెండో లెవల్ స్పెల్స్‌లో మీరు ముందుండి దెబ్బలు తినే రకమైతే మిర్రర్ ఇమేజ్, వెనక నిలబడేవాళ్ళైతే ఫాంటాస్మల్ ఫోర్స్. మీ పాత్ర ఐదో లెవల్‌కి చేరి మేజర్ ఇమేజ్ రాగానే సైలెంట్ ఇమేజ్‌ని పారేయకండి. మొదటి లెవల్ స్లాటుకి పొగమంచు ఇచ్చేది అదే.

మా మేనకోడలు ఇప్పుడు షీటు వెనకవైపు ఒక జాబితా రాసుకుంటోంది, తన వంతు వచ్చినప్పుడు తడుముకోకుండా. ఈ గట్టు మీద ఏ వేళకి ఏం కనబడినా ఎవరూ ఆగి చూడరో అవన్నీ అందులో ఉన్నాయి: పొగమంచు, ఎండేసిన వల, గడ్డిమేటు, బోర్లించిన నాటు పడవ, లాకుల దగ్గర పేరుకున్న గుర్రపుడెక్క, మేతకొచ్చిన గేదె. ఒక్కోదాని పక్కన ఎన్ని అడుగులో, ఏ నెలలో పనికొస్తుందో కూడా. గేదె పక్కన బ్రాకెట్లో "కుక్క లేనప్పుడు" అని ఉంది.